మిరపమడిలో ఇసుక

"మిరప పెట్టావా ఎటెల్కా, వరి నాటావా?" పొరుగింటి ముసలి బాలింట్ కంచె మీదుగా నవ్వాడు.

హంగేరీలోని టిస్సా నది కరకట్ట నీడలో ఎటెల్కా కాలువ తవ్వుతూనే ఉంది. "నవ్వు మామా, నవ్వు. వాన వెలిసి ఆరు రోజులైంది. వేళ్ళు కుళ్ళిపోతున్నాయి. ఎంత తవ్వినా నీళ్ళు దిగి చావట్లేదు."

"తేటగా ఉన్నాయా?"

"పొద్దున ఉన్నాయి. ఇప్పుడు మడ్డిగా వస్తున్నాయి. అడుగున ఇసుక బుడబుడా పొంగుతోంది."

బాలింట్ నవ్వు ఆగిపోయింది. కంచె దాటి వచ్చి, ఆ ఇసుకను వేళ్ళతో నలిపి చూశాడు.

"ఇది నీ నల్లమట్టిది కాదు. కట్ట కిందనుంచి వస్తోంది, కట్ట ఎప్పుడైనా తెగొచ్చు. పార వదిలేసి చర్చి గంట కొట్టు, ఊరు ఖాళీ చెయ్యాలి."

ఎటెల్కా తలెత్తి చూసింది. కరకట్ట పచ్చగా, నిశ్చలంగా ఉంది. ఇన్నాళ్ళూ ఇవతలినుంచి తానూ, అవతలినుంచి నదీ ఒకే కాలువను తవ్వుతూ వచ్చామని ఆమెకప్పుడు అర్థమైంది.