వంకర కుట్టు

టైలరు కొట్టు తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆ సందులోంచే ఓ పెద్దావిడ తల లోపల పెట్టింది.

"ఒరే అబ్బాయ్, ఈ చొక్కా అంచు ఊడింది. కాస్త చూసి పెట్టు."

లోపల మంచం మీద టైలరు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కదల్లేదు.

వంటింట్లోంచి అతని భార్య పరుగున వచ్చింది.

"కొట్టు తియ్యడం లేదండీ. ఆయనకి ఒంట్లో బాగాలేదు."

"ఏం జబ్బో?"

జ్వరమైతే చెయ్యి పెట్టి చూడమనొచ్చు. దెబ్బయితే కట్టు చూపించొచ్చు. దీనికి ఆమె ఏం చూపించాలి?

వానలు మొదలైన దగ్గర్నుంచి మిషను మీద కప్పిన గుడ్డ తీయలేదు. మనిషికి తిండి సయించదు. నిద్ర పట్టినా చీకటుండగానే మెలకువ.

చుట్టాలు పనిదొంగ అన్నారు. బావమరిదయితే, "రెండు తగిలిస్తే వాడే లేస్తాడు" అన్నాడు.

"నేను లేకపోతేనే మీరు సుఖపడతారు" అన్నాడొకరోజు టైలరు, గోడతో చెప్పినట్టు.

ఆ మాట వినగానే ఆమె అతన్ని మనసు జబ్బుల డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

"ఇది బద్ధకమూ కాదు, పిచ్చీ కాదు. దిగులు జబ్బు" అన్నాడు డాక్టరు.

"మాకే కష్టమూ రాలేదే, ఎందుకొచ్చిందండీ?"

"షుగరు చెప్పి వస్తుందా అమ్మా? కొందరికి వంశంలో ఉంటుంది. కొందరికి ఏదో పోగొట్టుకుంటే వస్తుంది. కొందరికి ఊరికే వస్తుంది. మాత్రలు పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా ఒంటరిగా వదలకు, రోజూ ఏదో ఒక చిన్న పని చేయించు. తిట్టకు."

మూసిన కొట్టుకి చిన్న పని ఎవరు తెస్తారు? ఆమెకు అదే పాలుపోలేదు.

"సర్లే, రేపొస్తా" అని గుమ్మంలో పెద్దావిడ చొక్కా బల్ల మీద పడేసి వెళ్లిపోయింది.

మర్నాడొచ్చి చూస్తే చొక్కా పడేసిన చోటే ఉంది.

"ఇంకా అవలేదూ? అయితే కూర్చుంటా."

స్టూలు లాక్కుని కూర్చుంది. మోకాళ్ల నొప్పి దగ్గర ఎత్తుకుని అల్లుడి గురక దాకా వచ్చింది. గురకలో రకాలు చెప్పింది. ఒకటి రెండు చేసి చూపించింది.

మూడోనాటికి ఆ వాగుడు పడలేక టైలరు లేచాడు. సూదిలో దారం ఎక్కించడానికే చాలాసేపు పట్టింది. అంచు కుట్టి, చొక్కా విసిరేసినట్టు ఇచ్చాడు.

"బతికించావు నాయనా!"

బతికిపోయింది తనేననుకున్నాడు టైలరు.

మర్నాడు దిండు గలీబుతో దిగింది. నాలుగు వైపులా కుట్టేసి ఉంది.

"ఇందులోకి దిండెలా దూరుతుంది పెద్దమ్మా?"

"నేనే కుట్టానురా! అదే నాకూ బోధపడంది!"

వంటింట్లో భార్య చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. వానలు మొదలయ్యాక ఆయన ఒకర్ని ప్రశ్న అడగడం అదే మొదలు.

తర్వాత ఎడమ చెయ్యి కుడివైపు అతికించిన చొక్కా వచ్చింది.

"ఇది తొడుక్కుంటే మనిషి వెనక్కి నడవాల్సిందే" అన్నాడు టైలరు.

"మా అల్లుడికేలే. ఎటు నడిచినా ఒకటే."

టైలరు పెదవి కొంచెం కదిలింది. ఆ సాయంత్రం మిషను మీద గుడ్డ తీసి, నూనె వేశాడు.

అన్ని రోజులూ అలా ఉండేవి కావు. ఒక్కోరోజు మళ్లీ గోడవైపు తిరిగేవాడు. అప్పుడావిడ గొంతు తగ్గేది.

"లేవలేవా? లేవకు. ఒక్క బొత్తాం కుట్టు చాలు. పడుకునే కుట్టు."

ఇంకోరోజు అతనే అన్నాడు. "బానే ఉంది పెద్దమ్మా. ఆ మాత్రలు మానేద్దామనుకుంటున్నా."

ఆవిడ కళ్లెర్రజేసింది. "చెయ్యి సగం అతికించి దారం తెంపేస్తావట్రా? డాక్టరు ఆపమన్నప్పుడే ఆపు."

నెమ్మదిగా కొట్టు తలుపు రెండు రెక్కలూ తెరుచుకున్నాయి. పాత బేరాలు మళ్లీ రావడం మొదలైంది.

ఆఖరున ఆవిడ మనవరాలి గౌను తెచ్చింది. మెడపట్టీ తలకిందులుగా ఉంది. అది ఇచ్చి వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు.

గౌను సిద్ధం చేసి టైలరు ఎదురుచూశాడు. స్టూలు వైపు చూస్తూ ఉండేవాడు.

"నేనే వెళ్లిస్తా" అన్నాడు చివరికి భార్యతో. "రోజూ ఓ గంట కూర్చుంటే కుట్టు నేర్పిస్తానని చెప్తా. ఎన్నాళ్లని ఇలా బట్టలు పాడుచేసుకుంటుంది, పాపం!"

వానలు మొదలయ్యాక, ఆసుపత్రికి తప్ప అతను వీధి దాటడం అదే మొదలు. దారి అడుక్కుంటూ వెళ్లాడు.

ఆవిడ కూతురు తలుపు తీసింది. గౌను చూడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అమ్మ పోయిందన్నా. పోయిన వారం. నిద్రలోనే."

టైలరు గుమ్మం పట్టుకున్నాడు. ఏదో ఒకటి అనాలి కదా అని, వచ్చిన పనే చెప్పాడు.

"పెద్దమ్మకి కుట్టు నేర్పుదామని వచ్చానమ్మా. సూది పట్టుకోవడమే వచ్చేది కాదు."

కూతురు అతని ముఖంలోకి వింతగా చూసింది.

"నాన్న పోయినప్పుడు అమ్మకీ ఇదే జబ్బు చేసిందన్నా. ఇక్కడికొచ్చాక మీ డాక్టరు దగ్గరే మాత్రలు రాయించుకునేది. మీ ఆవిడ అక్కడ నర్సుకి చెప్పుకుని ఏడుస్తుంటే, వెనక బల్ల మీద కూర్చుని విందట."

టైలరుకి అప్పటికీ అర్థం కాలేదు.

ఆమె గౌను మెడ తిప్పి, కుట్టు వెంట వేలు పోనిచ్చింది.

"మా ఊళ్లో మిషను తొక్కే వాళ్లలో సగం మంది అమ్మ దగ్గర నేర్చుకున్నవాళ్లే. మీ దగ్గరికి తెచ్చే బట్టలు మాత్రం, కుడిచేత్తో కుడితే ఎంతకీ వంకరగా రావడం లేదని ఎడంచేత్తో కుట్టేది."