మడత పెట్టిన పేజీ

మిరపకాయలకి తొడిమలు తీసే పని నుంచి వచ్చిన అమ్మ తలుపు గడియ వేసింది. నేను దిండు కింద దాచిన పుస్తకం మంచం మీద ఉంది.

"చేతులు మండుతున్నాయి సాల్మన్. ఆ మడత పెట్టిన పేజీ నువ్వే చదవరా."

ఆ పుస్తకం అబ్బాయిగా పుట్టి, అమ్మాయిగా బతికిన ఒకామె ఆత్మకథ. నాదీ అదే కథని అమ్మకి చెప్పే ధైర్యం పదిహేడేళ్లొచ్చినా నాకు రాలేదు.

ఆ పేజీలో తల్లి ఆమెను ఇంట్లోంచి గెంటేస్తుంది. నేను మార్చి చదివాను. "అమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది."

అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది.

"నిన్న నేనూ చదివాను. వాళ్లమ్మ గెంటేసింది కదా."

నేను పుస్తకం మూసేశాను.

"నువ్వు చదివిందే బాగుంది," అంది అమ్మ. "మళ్లీ చదువు తల్లీ."