పాలు పొంగే ఇల్లు

నేవీ క్వార్టర్సా, బయట అద్దె ఇల్లా? సాయంత్రంలోగా తేల్చి చెప్పాలి. విశాఖకు బదిలీ అయిన మా ఆయన క్వార్టర్సే నయమన్నారు. ఏ ఊరు వెళ్లినా క్వార్టర్స్ గోడలు మా పాత ఇంటి రంగుకు మారిపోతాయి, సామాను తనంతట తానే సర్దుకుంటుంది. ఆయన సముద్రం మీదున్నా, భోజనాల వేళకు నిలువెత్తున గోడమీద కనిపిస్తారు.

“ఇంకేం కావాలే నీకు?”

“పాలు పొంగాలండీ!”

ఇన్ని బదిలీలైనా కొత్తింట్లో పాలు పొంగింది లేదు. అంచుదాకా రాగానే క్వార్టర్స్ పొయ్యి తనే ఆరిపోయి, “ప్రమాదం తప్పింది” అంటుంది.

మా అమ్మాయి ధృతిని తీసుకుని ఆయనా నేనూ పెదవాల్తేరులో మేడమీది వాటా చూడ్డానికి వెళ్తుంటే, దారిలో పాల ప్యాకెట్ కొన్నాను.

“ఇల్లు ఖాయం కాకుండానే పాలేంటే?” అని ఆయన నవ్వారు.

ఇంటావిడ మాత్రం సంబరంగా తన పాత గ్యాస్ పొయ్యి వెలిగించింది. అందరం ఊపిరి బిగబట్టి చూశాం. పాలు లేచాయి, అంచు దాటాయి, బుస్సుమంటూ పొయ్యి మీదికి దూకాయి!

ధృతి కెవ్వుమంది. “అమ్మా, ఈ పొయ్యి పాడైపోయింది! ఆపట్లేదు చూడు!”

పట్టలేని ఆనందంతో పిల్లనెత్తుకుని గిర్రున తిప్పాను. ఆయన అప్పటికే గోడ తడుముతున్నారు. ఉత్త గోడ, దానికో మేకు.

“నేను ఓడెక్కాక నా ఫొటో దీనికి తగిలించు,” అన్నారు.