సగం ఎర్ర గొడుగులు

పోర్టు గోదాములో సరుకు విడిపించే ఏజెంటు మొదటి పెట్టె కోయగానే, అత్తగారితో కలిసి వచ్చిన కోడలు వంగి లోపలికి చూసింది. విదేశం నుంచి ఆమె తెప్పించిన మొట్టమొదటి సరుకు అది. మూడొందల నల్ల గొడుగులు ఆర్డరిస్తే, పైనే ఎర్రవి కనిపించాయి.

“సగం ఎర్రవేనమ్మా. కాగితాల్లో రంగు రాయలేదు, సంతకం పెట్టేయండి,” అన్నాడు ఏజెంటు.

ఆమె మండిపడుతూ సప్లయర్‌కి ఫోన్ చేసింది.

“మీ నంబరు నుంచే చెప్పారు కదా మేడమ్?” అంటూ అతను వాయిస్ మెసేజ్ వినిపించాడు.

“హలో బాబూ! హాఫ్ రెడ్, హాఫ్ బ్లాక్. ఓకే?”

అది అత్తగారి గొంతు. ఆవిడ పక్కనే నిలబడి గోదాము పైకప్పు పరిశీలిస్తోంది.

“ఈ వ్యాపారం సంగతి మిమ్మల్ని అడగొద్దన్నారు కదత్తయ్యా!”

“అడగొద్దన్నాను. చెప్పనన్నానా? మన వీధిలో ఎవరిని కదిపినా ఎర్రదే కావాలన్నారు. నూట పదిమంది పేర్లు రాసుకున్నాను. నీ నల్లవాటికి ఎంతమందున్నారు?”

కోడలు వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయింది. ఒక్కరూ లేరు.

సప్లయర్ ఇంకా లైన్లోనే ఉన్నాడు. “తర్వాతి ఆర్డరు గురించి ఎవరితో మాట్లాడాలి మేడమ్?”

కోడలు ఫోను అత్తగారి చేతిలో పెట్టి, సంతకం చేయడానికి వెళ్ళింది.