పెంటప్ప పేరు మారిన రోజు

"ఆ పేరుతో గడప దాటొద్దు. నా మాట విను" అంటూ పాపమ్మ వాకిలికి అడ్డంగా కూర్చుంది.

కొడుకు చేతిలో పెళ్లిపత్రికల సంచి ఉంది. ధర్మవరం నుంచి బండి మీద హిందూపురం వెళ్లి, కాబోయే అత్తగారింట్లో వాటిని ఇచ్చి రావాలి. పత్రికల్లో వరుడి పేరు శివకృష్ణ అని అచ్చయింది. నిన్నటిదాకా అతని పేరు పెంటప్ప. బడిలోగానీ బ్యాంకులోగానీ ఆ పేరు పిలిస్తే చాలు, అందరూ తిరిగి చూసేవాళ్లు, కొందరైనా నవ్వేవాళ్లు. అదంతా ఎలాగో దిగమింగాడు. నిశ్చితార్థం నాడు పెళ్లికూతురు హేమావతి మేనత్తలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వేసరికి మాత్రం ఓర్చుకోలేకపోయాడు. పెళ్లికొడుకుకు పౌరుషం అప్పుడే కదా పుట్టేది. ఆధార్ కార్డు మొదలు అన్నిట్లోనూ పేరు మార్పించేసి, తల్లికి మాత్రం ఈ పొద్దునే చెప్పాడు.

"మంటపంలో అయ్యోరు మైకులో పెంటప్ప అంటే నా తల యాడ పెట్టుకోవాల మా?"

"నవ్వేటోళ్లను నవ్వనీ. నీకు ముందు ముగ్గురు పుట్టినారు. ముగ్గురికీ దేవుళ్ల పేర్లే పెట్టినా. ఒక్కరన్నా మిగిలినారా? నిన్ను పెంటదిబ్బ మీద పడుకోబెట్టి, గంగక్కతో ఎత్తించి, చేటెడు తవుడిచ్చి మళ్లీ కొనుక్కున్యా. వాళ్లను తీసకపోయినోడు నీ పేరు విని, ఇది పెంటలే అని వదిలేసి పోయినాడు. ఇప్పుడు నువ్వే వాన్ని పిలుస్తాండావు."

శివకృష్ణకు నవ్వొచ్చింది. యముడేం ఆధార్ చూసి రాడులే మా అన్నాడు. పాపమ్మ నవ్వలేదు. దారి వదిలి పక్కకు జరిగింది.

"అట్లయితే నీకంటే ముందు నేను పోవాల" అంది నిమ్మళంగా.

ఎప్పుడూ ఉండే బెదిరింపే అనుకుని అతను బండి తీశాడు.

పెనుకొండ దాపున కొండ మలుపులో ఎదురొచ్చిన లారీ ఒకటి హ్యాండిల్‌ను రాసుకుంటూ పోయింది. బండి ఒక పక్క పడింది, అతనొక పక్క కంపచెట్లలో పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది తప్ప ఇంకేమీ కాలేదు. టీ అంగడి ముసలాయన పరుగున వచ్చి నీళ్లు తాగించి, పేరేమప్పా అని అడిగాడు. నోరు తెరిచాడుగానీ కొత్త పేరు బయటికి రాలేదు. తన పేరంటే తనకే భయం వేసింది.

అమ్మకు ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాడు, మళ్లీ అంతే. అప్పుడు గుర్తొచ్చింది ఆమె పొద్దున అన్న మాట. బెదిరించేటప్పుడు ఆమె అరుస్తుంది, ఏడుస్తుంది. అంత నిమ్మళంగా ఎప్పుడూ మాట్లాడదు. హిందూపురం ప్రయాణం మానుకుని బండి వెనక్కి తిప్పాడు. దారి పొడవునా ఒకటే మొక్కు. అమ్మ ప్రాణంతో ఉంటే చాలు, చచ్చేదాకా పెంటప్పగానే ఉంటాను స్వామీ అని.

ఇంటికి తాళం వేసి ఉంది. పొద్దస్తమానం ఆడే మగ్గం చప్పుడు లేదు. పక్కింటి గంగక్క, ఒకప్పుడు అతన్ని దిబ్బ మీద నుంచి ఎత్తిన మనిషే, తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టింది.

"నీకియ్యమని చెప్పి పోయింది నాయనా. తలకు పోసుకొని, పెండ్లినాటి పట్టుచీర కట్టుకునింది. యాడికి పాపమ్మా అంటే పలకలేదు. రైలుగేటు తట్టు పోయింది."

కుంటుకుంటూనే పరుగెత్తాడు. వెళ్లేసరికి గేటు వేసి ఉంది. రైలు కూత పెట్టుకుంటూ ముందు నుంచే వెళ్లిపోయింది. అది పోయాక చూస్తే, అవతలి పక్క పట్టాలకు కాస్త ఎడంగా జనం గుంపుగా మూగి ఉన్నారు. ఈ వయసులో ఈమెకు ఇదేం పని తల్లీ అంటోంది ఎవరో ఆడమనిషి. అతను గేటు కింద నుంచి దూరి పట్టాలు దాటాడు. అమ్మా అని పిలుస్తూనే జనాన్ని తోసుకుని లోపలికి వెళ్లాడు.

గోనెపట్టా మీద పట్టుచీరతో కూర్చుని ఉంది పాపమ్మ. ఎదురుగా పచ్చబొట్లు పొడిచేవాడు ఆమె ముంజేయి పట్టుకుని ఉన్నాడు. అతని చేతిలో మిషన్ గర్రుమంటోంది. చిన్ననాడెప్పుడో పొడిపించుకున్న 'పాపమ్మ' అన్న అక్షరాలు కనబడకుండా వాటి మీద నల్లటి తీగ దిద్ది ఉంది. దాని కింద చర్మం ఎర్రగా ఉబ్బి, కొత్తగా 'శివకృష్ణ' అని ఉంది.

అతను అక్కడే కూలబడ్డాడు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అమ్మ బతికుంది. బతికుండటమే కాదు, తన కొత్త పేరును ఒప్పుకుంది కూడా. దారిలో మొక్కిన మొక్కు ఆ సంతోషంలో ఎటు పోయిందో పోయింది.

"నా పేరు పొడిపించుకుంటాండావా మా? ఫోనన్నా ఎత్తగూడదా? నా పానం పోయింది."

పాపమ్మ కళ్లు అతని మోకాలి మీద ఆగాయి. ఖాళీగా ఉన్న చేత్తో కొంగు తీసి ఆ రక్తం తుడిచింది. ఎట్లా పడ్డావని అడగలేదు. అప్పుడే ఒకసారి వచ్చిపోయినాడన్నమాట అని తనలో తాను గొణుక్కుని, మిషన్ ఆపొద్దని పచ్చబొట్లవాడికి సైగ చేసింది.

"నీ పేరు గాదప్పా ఇది, ఈ పొద్దు నుంచి నా పేరు. దీన్ని ఎతుక్కుంటా వాడు మళ్లా వస్తే, ముందు నేనే కనబడాల."