ఈ ఏటి ఘాటు

మిరప గింజ మీద రెండో కనుబొమ గీస్తుండగా మళ్ళీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంకమ్మరావు కుంచె పక్కన పెట్టేలోపే ఒక చుక్క జారి గింజ మీద పడింది. వెంకటేశ్వరమ్మ ముఖం కాస్తా గోధుమరంగు మరకైపోయింది.

"పోయింది," అన్నాడు పైకే. వినడానికి ఇంట్లో ఎవరూ లేరు.

కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరైన ఆయనకు ఒకప్పుడు ఇదే పిచ్చి. మిరప గింజ మీద నెమలి, లేగదూడ, పత్తి పువ్వు. నాలుగు వెంట్రుకల కుంచె, ఒక భూతద్దం. గింజల ఘాటు పోయేదాకా నిమ్మరసం నీళ్ళలో కడిగి, నీడన ఆరబెట్టి, చెంచాలో తెచ్చిచ్చేది భార్య వెంకటేశ్వరమ్మే. "ఒక్కసారి నా మొహం వెయ్యకూడదూ?" అని అడిగితే, "నీ ముక్కుపుడకకే చాలదు ఈ గింజ" అని నవ్వేవాడు. తర్వాత ఆవిడ మంచాన పడింది. కుంచెలు డబ్బాలోకి వెళ్ళాయి. ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయాయి.

ఇప్పుడు ఆ మొహమే వెయ్యాలి. వచ్చే శుక్రవారం ఆవిడ సంవత్సరీకం. ఆలోపు పూర్తి చేసి, ఆ గింజను ఆవిడ కుంకుమ భరిణెలో పెట్టాలి.

చెయ్యి మరిచిపోలేదు. వణకడమూ లేదు. చిక్కంతా కళ్ళతోనే. చేతులు సబ్బుతో తోముకున్నాడు. ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు. అయినా భూతద్దం కింద కాసేపు కూర్చుంటే చాలు, ధార. ఆవిడ కడిగినట్టు గింజలు కడగడం తనకు చేతకాదని సరిపెట్టుకున్నాడు.

మేడ మీద వాటాలో ఉండే సిద్దికా తలుపు తోసుకుని వచ్చింది. ఒక చేతిలో పళ్ళెం, అందులో రెండు వేడి బజ్జీలు. రెండో చేతిలో కాగితం పొట్లం. ఆమె భర్త సాదిక్ మిర్చి యార్డులో గుమాస్తా. గింజలకు లోటు లేదు.

"మళ్ళీనా సార్! అద్దంలో చూసుకోండి, కళ్ళు పండుమిరపకాయల్లా ఉన్నాయి."

"పాడైపోయిందమ్మా."

"పోతే పోయింది. ఇంకా తెచ్చాగా."

ఆయన పొట్లం విప్పి చూశాడు. "మా ఇంట్లో ఉండే గింజలు ఇంత తెల్లగా ఉండేవి కావే?"

"ఏదో కొత్త రకమట సార్. ఘాటు జాస్తి." సిద్దికా కొంగుతో ముక్కు మూసుకుంది. "అబ్బ, ఇక్కడిదాకా కొడుతోంది."

ఆదివారం పిడుగురాళ్ల నుంచి బావమరిది కోటేష్ వచ్చాడు, సంవత్సరీకం ఏర్పాట్లు మాట్లాడ్డానికి. మాట్లాడితే వీధి చివరిదాకా వినిపించే మనిషి.

"ఏంటి బావా, ఏడుస్తున్నావా?"

అంకమ్మరావు భూతద్దం దించాడు.

"అక్క పాడె లేపినప్పుడు కూడా ఒక్క చుక్క రాల్చలేదు నువ్వు. మావాళ్ళంతా రాయి మనిషన్నారు. ఇప్పుడేంటి కొత్తగా?"

మెట్లు దిగుతున్న సిద్దికా గుమ్మంలో ఆగింది. "ఏడవడమేంటన్నా! గింజల కారం అది. ముట్టుకోండి, మీకూ ఇంతే."

కోటేష్ చాచిన చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. "మొన్నేగా బావా శుక్లాల ఆపరేషన్ అయింది! ఉన్న కళ్ళు పోగొట్టుకుంటావా? ఇటివ్వు ఆ డబ్బా. నాతో పట్టుకుపోతా."

అంకమ్మరావు డబ్బాను ఒళ్ళోకి లాక్కున్నాడు. ఇప్పుడది చెయ్యి దాటితే తాను మళ్ళీ కుంచె పట్టనని ఆయనకు తెలుసు. "శుక్రవారం దాకా ఉండనియ్యరా."

"ఉండనివ్వండన్నా," అంది సిద్దికా. "కారం నీళ్ళు బయటికి పోవాలంటుంది మా అత్త. లోపల నిలిస్తేనే చెరుపంట."

"ఏం అత్తలో, ఏం వైద్యాలో!" కోటేష్ గొణిగాడు. "శుక్రవారం తర్వాత మాత్రం నేనూరుకోను బావా."

వారమంతా అదే తంతు. ఆయన గింజ పాడుచేస్తాడు. సిద్దికా పొట్లం తెస్తుంది. వచ్చినప్పుడల్లా గుమ్మంలో నిలబడి కాసేపు ఆ కారాన్ని తిట్టిపోసి వెళ్తుంది. రోజంతా కుక్కర్ కూత తప్ప ఇంకో చప్పుడు లేని ఇంట్లో ఆ తిట్లు ఆయనకు హాయిగా ఉండేవి. కారమే కదా అని కళ్ళు తుడుచుకోవడం కూడా మానేశాడు. కారనిచ్చాడు.

గురువారం మధ్యాహ్నం భూతద్దం ముందు కూర్చుంటే, ఎందుకో కళ్ళు పొడిగానే ఉన్నాయి. కనుబొమలు కుదిరాయి. కళ్ళు కుదిరాయి. ఆఖరున సూది మొనతో ముక్కుపుడక, ఒక్క తెల్ల చుక్క.

గింజ చాలింది.

భూతద్దంలోంచి వెంకటేశ్వరమ్మ, నేను అప్పుడే చెప్పలా అన్నట్టు చూసింది.

'ఘాటు తగ్గినట్టుంది' అనుకున్నాడు అంకమ్మరావు.

గింజను దూదిలో పెట్టుకుని, సిద్దికాకు చూపిద్దామని మెట్లెక్కాడు. వంటింటి తలుపు తీసే ఉంది. పిలవబోయి ఆగిపోయాడు.

లోపల పీట మీద కూర్చున్న సిద్దికా, పిసరంత కారం కూడా ఉండని బజ్జీ మిరపకాయల్ని చీల్చి, ఆ తెల్లటి గింజల్ని ఆయన రేపటి పొట్లం కోసం పళ్ళెంలో ఆరబోస్తోంది.