ఆరుగురు గాసిప్‌లు

"ఏ పేరు చెప్పింది?"

గెర్వేస్ అలా అడగడం అది ఐదోసారి. మంత్రసాని ఉర్సులా నూలు వడకడం ఆపలేదు.

"నా చెవిన ఏ పేరూ పడలేదు కాన్‌స్టేబుల్ బాబూ. ముసలిదాన్ని."

"అబద్ధం! నొప్పులు ముదిరాక, తండ్రి పేరు చెప్పేదాకా మీరు చెయ్యి వెయ్యరని ఊరందరికీ తెలుసు. పురిటిగదిలో ఆరుగురున్నారు. ఆరుగురి నోళ్ళూ ఒకేసారి పడిపోయాయా?"

మిల్లులో పనిచేసే టామ్సిన్‌కు పెళ్ళి కాలేదు. ప్రసవించి ఐదు రోజులైంది. మగబిడ్డ. తండ్రి ఎవరో తేలకపోతే, పురిటి మంచం దిగగానే ఆ పిల్లను కొరడాతో కొట్టి పొలిమేర దాటించాలి. పదహారు వందల ముప్పైల నాటి ఇంగ్లండు చట్టానికి జాలి ఎక్కడిది? కొట్టించాల్సింది గెర్వేసే. హాల్కంబ్ ఊరికి ఆ ఏడు కాన్‌స్టేబుల్ అతనే మరి.

ఐదు రోజులుగా అతనికి ముద్ద దిగడం లేదు. ఆ గదిలో ఏ పేరు పలికారో తెలిస్తే గానీ మనసు కుదుటపడేలా లేదు.

"మిల్లు వాళ్ళ రాల్ఫ్ పేరే చెప్పి ఉంటుందిలే. నువ్వు అవునంటే చాలు, పిల్లకు దెబ్బలు తప్పుతాయి."

"రాల్ఫా! పాపం, వాడికి ఆవుని చూసినా సిగ్గే కదయ్యా!" బోసినోటితో నవ్వింది ఉర్సులా.

గెర్వేస్‌కు ఒళ్ళు మండింది.

"ఊళ్ళో ఎవడు తుమ్మినా చాటింపు వేసే గాసిప్‌లు! ఇప్పుడేమో నోటికి తాళాలు!"

కదురు ఆగింది.

"మా అమ్మ రోజుల్లో ఆ మాట వింటే మగాళ్ళు టోపీ తీసేవాళ్ళు బాబూ. గాసిప్ అంటే దేవుడి ఎదుట కలుపుకున్న చుట్టం. జ్ఞానస్నానం నాడు బిడ్డను ఎత్తుకుని పేరు పలికే తల్లి. పురిటికి పిలిచిన ఆడవాళ్ళందరినీ అలాగే అనేవారు. ఆ గడప మిమ్మల్ని తొక్కనివ్వం కదా! లోపల మేమేం మాట్లాడుకుంటున్నామోనని సారాకొట్టులో కూర్చుని ఉడుక్కుని ఉడుక్కుని, చివరికి ఆ మాటను వాగుడుకాయలకు అంటగట్టారు."

గెర్వేస్ విసురుగా తలుపు తోసుకుని ఇంటికి పోయాడు.

భార్య డొర్కాస్ బార్లీ గంజి పోసింది. ఆ ఆరుగురిలో ఆమె కూడా ఉంది. పదకొండేళ్ళ కాపురంలో కడుపు పండలేదు. అందుకేనేమో, ఊళ్ళో ఎవరికి బిడ్డ పుట్టినా ఎత్తుకోవడానికి ముందుండేది. టామ్సిన్ బిడ్డకూ తానే గాసిప్‌గా ఉంటానంది.

"నాకైనా చెప్పవే."

"కాన్‌స్టేబుల్‌గా అడుగుతున్నారా, మొగుడిగానా?"

"ఎలాగైతేనేం?"

"పురిటిగదిలో విన్నది ఒకరి చెవిలో ఊదే మాట కాదండీ. గంజి చల్లారిపోతోంది."

ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. రోజూ చూసే మొహమే. ఇక లాభం లేదనుకుని గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

తొలి మగబిడ్డకు తండ్రి పేరే పెట్టడం హాల్కంబ్ ఆనవాయితీ. తండ్రి ఎవరో తెలియకపోతే, ఆ రోజు ఏ పునీతుడి పండగైతే ఆయన పేరు పెడతారు. ఆ ఆదివారం డేవిడ్ పునీతుడిది. "డేవిడ్ అని రాసేసుకోండి" అని గెర్వేస్ శనివారమే పాదిరిగారికి చెప్పి వచ్చాడు.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. టామ్సిన్ ఇంకా మంచం మీదే ఉంది. డొర్కాస్ బిడ్డను ఎత్తుకుని నీళ్ళతొట్టి దగ్గరికి నడిచింది. మిగిలిన ఐదుగురూ ఎవరూ పిలవకుండానే లేచి వెళ్ళి ఆమె చుట్టూ నిలబడ్డారు. గెర్వేస్ చేతికర్ర పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

పాదిరిగారు కలం సిరాలో ముంచి పక్కన పెట్టుకున్నారు.

"ఈ బిడ్డ పేరు చెప్పు తల్లీ."

డొర్కాస్ బిడ్డ వంక చూడలేదు. అందరి తలల మీదుగా గుమ్మం వైపు చూసింది.

"గెర్వేస్," అంది, ఊరంతా వినేలా.